నూటికి తొంభై ఆరు ఎక్కడి నుంచి వచ్చింది: ఒక డెయిరీ సంస్థలో సర్వర్ల ప్యాచింగ్‌ను ఒక్కచోటికి తెచ్చిన కేస్ స్టడీ

నేపథ్యం

చిత్తూరు జిల్లాలో పాలు సేకరించి, శుద్ధి చేసి, ప్యాకెట్లుగా, పెరుగుగా, నెయ్యిగా అమ్మే ఒక మధ్యతరహా ప్రైవేటు సంస్థకు తిరుపతి నుంచి పనిచేసే మా జట్టు సలహాదారుగా వ్యవహరించినప్పటి అనుభవం ఇది. ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపాన్ని పూడ్చడానికి దాని తయారీదారు ఇచ్చే సవరణ. సంస్థ పేరు, ప్లాంటు ఉన్న ఊరు, ఉద్యోగుల వివరాలు ఇందులో ఉండవు. సర్వర్ల లెక్కలను కూడా ఎవరూ పోల్చుకోలేనట్లు కొద్దిగా మార్చాను; సాంకేతిక విషయాలను మాత్రం ఉన్నవి ఉన్నట్లే రాశాను.

ఈ సంస్థ సర్వర్ల గురించి మాట్లాడాలంటే ముందు దాని రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా పల్లెల్లోని సేకరణ కేంద్రాల్లో రైతులు పాలు పోస్తారు. వెన్న శాతాన్నీ ఎస్‌ఎన్‌ఎఫ్‌నూ (వెన్న కాని ఘనపదార్థాల శాతాన్ని) కొలిచే యంత్రం నుంచి ఆ అంకెలు పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్‌లోని సర్వర్‌కు, అక్కడి నుంచి క్లౌడ్‌లోని డేటాబేస్‌కు చేరతాయి. పదిహేను రోజులకు ఒకసారి రైతు ఖాతాలో పడే పాల బిల్లుకు ఆ అంకెలే ఆధారం. రాత్రి తొమ్మిది నుంచి రెండున్నర దాకా ప్యాకింగ్, లోడింగ్ జరుగుతాయి, ఎందుకంటే తెల్లవారేసరికి బండ్లు చెన్నైలోనూ బెంగళూరులోనూ ఉండాలి. పాలకు ఆదివారం లేదు, పండగ అసలే లేదు.

ప్లాంటులోనూ చిల్లింగ్ సెంటర్లలోనూ కలిపి నలభైకి పైగా సర్వర్లు ఉండేవి. వాటిలో విండోస్ సర్వర్ 2012 ఆర్2, 2016, 2019 ఎక్కువ. కొన్ని సెంటాస్ 7, మరికొన్ని ఉబుంటు; ఈ రెండూ లైనక్స్ రకాలు. అమెజాన్ వారి క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ ముంబయి రీజియన్‌లో పాతిక దాకా, పుణేలోని ఆజ్యూర్ (మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్) రీజియన్‌లో అకౌంట్స్ కోసం నాలుగైదు నడిచేవి. సొంత సర్వర్లను సంస్థలోని ఇద్దరు ఐటీ ఉద్యోగులు, ఏడబ్ల్యూఎస్‌ను బయటి కాంట్రాక్టరు, ఆజ్యూర్‌ను అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ సరఫరా చేసినవారు చూసుకునేవారు. ఈ ముగ్గురూ ఎప్పుడూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

సమస్య ఎలా బయటపడింది

2025 వేసవిలో, ఈ సంస్థ నుంచి పెద్ద మొత్తంలో పెరుగు కొనే ఒక రిటైల్ గొలుసు తన సరఫరాదారులందరికీ భద్రతా ప్రశ్నావళి పంపింది. అందులో ఒక ప్రశ్న చాలా సాదాగా ఉంది: ప్రతి సర్వర్‌కూ చివరిసారి భద్రతా ప్యాచ్ పెట్టిన తేదీ ఇవ్వండి. సంస్థ ఐటీ విభాగం తొంభై ఆరు శాతం సర్వర్లు తాజాగా ఉన్నాయని చూపించే రిపోర్టును జతచేసింది. క్లౌడ్ కాంట్రాక్టరు నూటికి నూరు అని ఒక ఎక్సెల్ షీటు ఇచ్చాడు. ఆజ్యూర్ చూసేవారి నుంచి "మేము చూసుకుంటున్నాం" అని ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. కొనుగోలుదారు తరఫు ఆడిటర్ బయటి నుంచి సంస్థ ఐపీ చిరునామాలను స్కాన్ చేయగా, ఈ మూడు జాబితాల్లో దేనిలోనూ లేని ఒక ఉబుంటు 18.04 సర్వర్ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి కనిపించింది. ఎప్పుడో రైతుల మొబైల్ యాప్ ప్రయోగం కోసం పెట్టి, ప్రయోగం ఆగిపోయాక మరిచిపోయిన యంత్రం అది. ఆ వెర్షన్‌కు సాధారణ సహాయం 2023 మే నెలతోనే ముగిసింది.

దాడి ఏదీ జరగలేదు, డబ్బు పోలేదు. కానీ యాజమాన్యానికి ఒక భయం పట్టుకుంది. 2017లో మైక్రోసాఫ్ట్ ఎంఎస్17-010 ప్యాచ్‌ను మార్చి 14న విడుదల చేస్తే, అది మూసే లోపాన్నే వాడుకున్న, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై మే 12న ప్రపంచమంతా పాకింది. దాదాపు రెండు నెలల గడువున్నా పెట్టనివారి యంత్రాలే ఎక్కువగా చిక్కుకున్నాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా, చిత్తూరు జిల్లాలోవి సహా, అప్పుడు దాని బారిన పడ్డ సంగతి ఈ ప్రాంతంలో చాలామందికి గుర్తుంది. మమ్మల్ని పిలిచినప్పుడు యాజమాన్యం అడిగింది ఒక్కటే: అన్నిటికీ కలిపి ఒక మంచి టూల్ కొనిపెట్టండి.

టూల్ కంటే ముందు ఆ అంకెను విప్పడం

టూల్ కొనడాన్ని వాయిదా వేయాలన్నది మేము తీసుకున్న మొదటి నిర్ణయం. కారణం ఏమిటంటే, ఏ కొత్త టూల్ అయినా మనం ఇచ్చిన జాబితా మీదే ఏజెంటును (సర్వర్‌లో ఉండి కబురు పంపే చిన్న ప్రోగ్రాంను) పెడుతుంది. జాబితా తప్పయితే ఆ తప్పును మరింత అందమైన డాష్‌బోర్డులో చూపిస్తుంది. అందువల్ల ఆ తొంభై ఆరు శాతం ఎలా వచ్చిందో పూర్తిగా విప్పి చూసిన తర్వాతే ముందుకు వెళ్దామని ఒప్పించాం.

సొంత విండోస్ సర్వర్లకు వాళ్ళు వాడుతున్నది, అప్‌డేట్లను ఒకచోట దింపుకుని సర్వర్లకు పంచే, మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూఎస్‌యూఎస్. అందులో క్లీనప్ విజార్డ్ అని ఒకటుంటుంది. 30 రోజులకు పైగా సంప్రదించని కంప్యూటర్లను అది జాబితా నుంచి తీసేస్తుంది. డిస్కు నిండకుండా ఉండాలని ఐటీవారు దాన్ని నెలనెలా శ్రద్ధగా నడిపేవారు. దాంతో నెట్‌వర్క్ చెడిపోయో, అప్‌డేట్ సర్వీసు ఆగిపోయో మాట్లాడటం మానేసిన సర్వర్, అంటే అందరికంటే ముందు చూడాల్సిన సర్వర్, లెక్కలోంచే జారిపోయేది. బడికి రాని పిల్లల పేర్లు హాజరు పట్టీలోంచి కొట్టేసి నూరు శాతం హాజరు చూపించినట్లుగా ఉంది ఆ వ్యవహారం.

రెండో సంగతిని మేము కళ్ళారా చూశాం. చిల్లింగ్ సెంటర్ల సర్వర్లన్నీ ఒకే వర్చువల్ యంత్రం నుంచి, సిస్‌ప్రెప్ చేయకుండా, అంటే పాత యంత్రపు గుర్తులు తుడవకుండా, నకలు తీసినవి. అందువల్ల వాటన్నిటి రిజిస్ట్రీలోనూ (విండోస్ తన అమరికలు దాచుకునే చోటు) సస్-క్లయింట్-ఐడీ అనే గుర్తింపు సంఖ్య ఒక్కటే. డబ్ల్యూఎస్‌యూఎస్ దృష్టిలో అవన్నీ ఒకే కంప్యూటర్. పొద్దున చూస్తే ఆ వరుసలో ఒక సెంటర్ పేరుంటుంది. మధ్యాహ్నం చూస్తే అదే వరుసలో మరో సెంటర్ పేరుంటుంది. ఎవరు చివరగా పలికితే వారి పేరన్నమాట. అరడజను సర్వర్లు ఒక్కటిగా లెక్కకొస్తున్నాయి. ఆ ఐడీ విలువను, దాని వాలిడేషన్ విలువను రిజిస్ట్రీలోంచి తీసేసి, అప్‌డేట్ సర్వీసును మళ్ళీ మొదలుపెట్టగానే కన్సోల్‌లో కొత్త పేర్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. వాటితో పాటే ఎర్ర గుర్తులూ వచ్చాయి.

ఇవి కంప్యూటర్ల లెక్కలో ఉన్న లోపాలు. ప్యాచ్‌ల లెక్కలోనూ ఇలాంటిదే ఉంది. ఒకప్పుడు ఏదో అప్‌డేట్ పెట్టాక ప్రింటర్లు ఆగిపోయాయని, అప్పటి నుంచి అనుమానం కలిగిన ప్రతిదాన్నీ ఐటీవారు డిక్లైన్ చేస్తూ (వద్దని పక్కన పెడుతూ) వచ్చారు. డిక్లైన్ చేసినవి మామూలు రిపోర్టులోకి రావు. గ్రూప్ పాలసీ (అన్ని సర్వర్లకూ కలిపి పెట్టే అమరిక) ద్వారా డబ్ల్యూఎస్‌యూఎస్‌ను చూడమని చెప్పిన సర్వర్‌లోని అప్‌డేట్ ఏజెంటు కూడా అక్కడ ఆమోదించినవాటినే చూస్తుంది. ఆమోదించనిది లోకంలో లేనట్లే.

అన్నిటికంటే మోసకారి లెక్క కాలం చెల్లిన వ్యవస్థలది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు సాధారణ ప్యాచ్‌లు 2023 అక్టోబరు 10తో, సెంటాస్ 7కు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. డబ్బు కట్టి పొడిగింపు తీసుకోని 2012 ఆర్2 సర్వర్‌ను "నీకేమైనా బాకీ ఉందా" అని అడిగితే ఏమీ లేదంటుంది, ఎందుకంటే ఇచ్చేవారే లేరు. సంస్థలో నిలకడగా పచ్చగా కనిపిస్తున్న సర్వర్లలో చాలా భాగం ఇవే.

క్లౌడ్ కాంట్రాక్టరు చెప్పిన నూటికి నూరు సంగతి తొందరగానే తేలిపోయింది. అతను ప్యాచ్ గ్రూప్ ట్యాగు అనే గుర్తు ఉన్న క్లౌడ్ సర్వర్లనే స్కాన్ చేస్తున్నాడు. ట్యాగు లేనివి లెక్కలో లేవు.

ఇదంతా సవరించి మళ్ళీ లెక్కిస్తే తొంభై ఆరు కాస్తా అరవైకి దగ్గరగా దిగింది. ఈ అంకెను పై అధికారులకు చెప్పడానికి ముందే, లెక్క తగ్గబోతోందనీ, సర్వర్లు చెడిపోవడం వల్ల కాక కొత్తగా కనబడటం వల్ల తగ్గుతుందనీ రాతపూర్వకంగా తెలియజేశాం. అలా చేయకపోయి ఉంటే, మేము వచ్చాకే పరిస్థితి దిగజారిందన్న మాట పడేదని నా అభిప్రాయం. ఇలాంటి పనుల్లో సగం కష్టం అక్కడే ఉంటుంది.

జాబితా తయారీ, సాధనం ఎంపిక

సరైన జాబితా ఏ ఒక్కచోటా దొరకదు. వర్చువల్ యంత్రాల మేనేజర్‌లోని పేర్లు, యాక్టివ్ డైరెక్టరీలోని కంప్యూటర్ ఖాతాలు, స్విచ్‌లలో కనిపించే చిరునామాలు, రెండు క్లౌడ్‌ల నెలవారీ బిల్లులు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఫైళ్ళు పక్కపక్కన పెట్టి, ఒకచోట ఉండి మరోచోట లేని ప్రతి పేరునూ విడిగా తేల్చాం. ఇందులో అన్నిటికంటే నమ్మదగినది క్లౌడ్ బిల్లే అని తేలింది. డబ్బు వసూలు చేసేవాడు లెక్క మరిచిపోడు. ప్రతి సర్వర్‌కూ ఐటీవారి పేరుతో పాటు ఆ పని చేయించుకునే విభాగాధిపతి హోదాను రాయించాం. రీబూట్‌కు ఒప్పుకోవాల్సింది, ప్యాచ్ వాయిదా వేస్తే సంతకం పెట్టాల్సింది ఆ వ్యక్తే.

అప్పుడు టూల్ ప్రశ్నకు వచ్చాం. డబ్ల్యూఎస్‌యూఎస్‌నే విస్తరించడం మొదటి మార్గం. కానీ అది లైనక్స్‌ను చూడదు, పైగా దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ టూల్‌తో సొంతంగా రాసుకోవడం నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన మార్గమే అయినా, ఇద్దరే ఉన్న విభాగంలో ఒకరు ఉద్యోగం మారితే ఆ స్క్రిప్టులు అనాథలవుతాయని వదిలేశాం. ఆజ్యూర్ ఆర్క్ (బయటి సర్వర్లను ఆజ్యూర్‌కు కలిపే సేవ) ద్వారా అన్నిటినీ ఆజ్యూర్ అప్‌డేట్ మేనేజర్ కిందికి తేవడానికి సర్వర్‌కు నెలకు 5 డాలర్లు అవుతుంది. నలభై సర్వర్లకు అది మోయలేని భారమేమీ కాదు. అయితే క్లౌడ్ సర్వర్లలో అధిక భాగం ఏడబ్ల్యూఎస్‌లో ఉన్నప్పుడు, ఇప్పటికే ఒక ఏజెంటు ఉన్న వాటన్నిటి మీద రెండో ఏజెంటును ఎక్కించడం అనవసరమనిపించింది.

చివరకు ఏడబ్ల్యూఎస్ సిస్టమ్స్ మేనేజర్‌లోని ప్యాచ్ మేనేజర్‌ను ఎంచుకున్నాం. హైబ్రిడ్ యాక్టివేషన్ ద్వారా ప్లాంటు సర్వర్లనూ, ఆజ్యూర్‌లోని వాటినీ అదే కన్సోల్ కిందికి తేవచ్చు. ఒక ఖాతాలో, ఒక రీజియన్‌లో 1,000 దాకా ఇలాంటి బయటి సర్వర్లకు నమోదు రుసుము ఉండదు. ఏజెంటు లోపలి నుంచి బయటికి 443 పోర్టులో మాత్రమే మాట్లాడుతుంది కాబట్టి చిల్లింగ్ సెంటర్ల ఫైర్‌వాల్‌లో లోపలికి దారి ఇవ్వాల్సిన పని లేదు. మాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. లోటు కూడా ఉంది: ఏడబ్ల్యూఎస్ బయటి సర్వర్ల మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి మైక్రోసాఫ్ట్ అప్లికేషన్లను ప్యాచ్ చేయాలంటే గంట లెక్కన రుసుము పడే పై శ్రేణి తీసుకోవాలి. డేటాబేస్ సర్వర్లు మూడే కాబట్టి వాటిని చేతితో, అదే క్యాలెండర్‌లో చేయాలని నిర్ణయించాం.

ఇలాంటి కేంద్రీకృత సాధనం ప్యాచ్‌ను తానే మోసుకురాదు. ఏది పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో చెబుతుంది. తెచ్చుకోవడం మాత్రం విండోస్ అప్‌డేటో, లైనక్స్‌లోని యమ్మో, ఆప్టో చేయాలి. చిల్లింగ్ సెంటర్లకున్న సన్నని ఇంటర్నెట్ లైన్ల మీద గిగాబైటు దాటే విండోస్ సర్వర్ 2016 క్యుములేటివ్ (పాతవన్నీ కలిపి వచ్చే) అప్‌డేట్‌ను ప్రతి యంత్రమూ విడివిడిగా దింపుకోవడం జరిగే పని కాదు. అందుకని డబ్ల్యూఎస్‌యూఎస్‌ను గిడ్డంగిగా ఉంచి, భద్రతా అప్‌డేట్లన్నీ అందులో వాటంతటవే ఆమోదం పొందేలా చేసి, డిక్లైన్ చేసే అధికారాన్ని తీసేశాం. ఏది పెట్టాలన్న నిర్ణయం ఇక ఒక్కచోటే, సిస్టమ్స్ మేనేజర్ బేస్‌లైన్ అనే నియమాల పట్టీలోనే ఉంటుంది.

రాత్రి సమయం ఎందుకు పనికిరాలేదు

క్లౌడ్ కాంట్రాక్టరు అంతకుముందే ఒక మెయింటెనెన్స్ విండో (ప్యాచ్, రీబూట్ పనులకు కేటాయించే వేళ) పెట్టి ఉన్నాడు: అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు. టైమ్‌జోన్ గడి ఖాళీగా వదిలేస్తే అది యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా) లెక్కకొస్తుంది. యూటీసీ ఒకటిన్నర మనకు ఉదయం ఏడు. పల్లెల్లో క్యాన్లు వరుసలో ఉన్న వేళ క్లౌడ్ సర్వర్లు రీబూట్ అవుతున్నాయి. సేకరణ కేంద్రాల్లోని యంత్రాలు అంకెలను తమ దగ్గరే దాచుకుని తర్వాత పంపేవి కాబట్టి నష్టం బయటపడలేదు. నెలలో ఒక పూట రైతులకు ఎస్సెమ్మెస్ ఆలస్యంగా వచ్చేది, అది టెలికాం కంపెనీ ఖాతాలో పడేది.

టైమ్‌జోన్‌ను ఆసియా/కోల్‌కతాగా మార్చి నిజంగా రాత్రి ఒకటిన్నరకు పెట్టి చూశాం. లోడింగ్ బిల్లులు కొట్టే సర్వర్ రీబూట్ అయింది, అప్‌డేట్ అమరిక దగ్గర చాలాసేపు ఆగింది, బండ్లు గేటు దగ్గర నిలబడిపోయాయి. మర్నాడు డిస్పాచ్ సూపర్‌వైజర్ మాతో అన్న మాట ఇది: "రాత్రి పూట మీరు సర్వర్ ఆపేస్తే మద్రాసు బండ్లు కదలవు సార్. పొద్దున పదకొండు దాటినాక రాండి, అప్పుడు మాకు పనేముండాది?"

ఆ మాటను పట్టుకుని డేటాబేస్ లాగుల్లో గంటవారీ లావాదేవీలు తీశాం. ఉదయం సేకరణ ముగిసి, ట్యాంకర్లు ప్లాంటుకు చేరాక, పదకొండున్నర నుంచి రెండున్నర దాకా సేకరణ, డిస్పాచ్ సర్వర్ల మీద పని దాదాపు ఉండదు. పట్టపగలు సర్వర్లు ఆపడమేమిటని యాజమాన్యం సహజంగానే అభ్యంతరం చెప్పింది. మా వాదన రెండు విషయాల మీద నిలిచింది: ఒకటి, లాగులు చూపే వాస్తవం, రెండు, మధ్యాహ్నం ఏదైనా చెడితే ఐటీవారు, ఎలక్ట్రీషియన్, నెట్‌వర్క్ కాంట్రాక్టరు, సాఫ్ట్‌వేర్ సరఫరాదారు ఫోన్లు అన్నీ అందుబాటులో ఉంటాయి, రాత్రి ఒకటిన్నరకు నిద్రకళ్ళతో ఉన్న ఒక్క మనిషి మాత్రమే ఉంటాడు. సాయంత్రం అయిదు దాకా కోలుకునే వ్యవధి కూడా మిగులుతుంది. అకౌంట్స్ సర్వర్లను మాత్రం ఆదివారానికి మార్చి, పాల బిల్లులు తయారయ్యే రోజుల్లో దేన్నీ ముట్టకూడదని నియమం పెట్టాం.

తేదీ నిర్ణయించడంలో ఒక చిక్కుంది, చాలామంది దీని దగ్గర జారుతారు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. మన గడియారం ప్రకారం అది రాత్రి పదిన్నర, అమెరికాలో చలికాలపు సమయం నడిచేటప్పుడు పదకొండున్నర. కాబట్టి పరీక్ష బుధవారం మొదలుకావాలి. అలాగని "రెండో బుధవారం" అని రాస్తే తప్పవుతుంది. 2025 అక్టోబరు ఒకటో తేదీ బుధవారం; రెండో బుధవారం 8న వచ్చింది, రెండో మంగళవారం 14న. అలాంటి నెలలో పరీక్ష సర్వర్లు పాత నెల ప్యాచ్‌లనే మళ్ళీ చూసుకుని అంతా బాగుందంటాయి. రెండో మంగళవారం అని రాసి, దానికి ఒక రోజు ఆఫ్‌సెట్ (జరుపుడు) ఇచ్చే సదుపాయం మెయింటెనెన్స్ విండోలో ఉంది, దాన్నే వాడాం. పరీక్ష సర్వర్లు బుధవారం, జంటగా ఉన్న సర్వర్లలో ఒకటి ఆ తర్వాతి వారం, మిగతావి మూడో వారం.

మొదట్లో విఫలమైనవి

మొదటి విడత ప్యాచ్‌లు బాగానే పడ్డాయి, రీబూట్లూ అయ్యాయి, డాష్‌బోర్డు పచ్చగా మారింది. ఒక చిల్లింగ్ సెంటర్ నుంచి మాత్రం సాయంత్రం పాల అంకెలు రాలేదు. వెళ్ళి చూస్తే, సర్వర్ ప్రశాంతంగా లాగిన్ తెర చూపిస్తూ కూర్చుని ఉంది. అంకెలు అందుకునే ప్రోగ్రాం సర్వీసుగా నడవడం లేదు. ఎవరో ఎప్పుడో అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి, డెస్క్‌టాప్ మీద దాని బొమ్మను రెండుసార్లు నొక్కి, కిటికీని కిందికి దించి వెళ్ళిపోయారు. మానిటర్ అంచున "స్విచ్ ఆఫ్ చేయరాదు" అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం సెల్లోటేపుతో అంటించి ఉంది. ఆ కాగితమే అన్నాళ్ళుగా వాళ్ళ ప్యాచ్ విధానమని చెప్పాలి.

అలాంటి ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో వెతికి, వాటిని టాస్క్ షెడ్యూలర్‌లో, ఎవరూ లాగిన్ కాకపోయినా యంత్రం మొదలవగానే నడిచేలా మార్చాం. ప్యాచింగ్‌కు ముందు ప్రతి సర్వర్‌నూ ఏ ప్యాచూ లేకుండా ఒట్టిగా ఒకసారి రీబూట్ చేసి చూడాలన్న నియమం అక్కడే పుట్టింది. దానివల్ల, తర్వాత ఏదైనా చెడితే అది ప్యాచ్ వల్లనా, రీబూట్ వల్లనా అన్న వాదన ఉండదు. ప్యాచ్‌ల మీద పడే నిందల్లో చాలా భాగం నిజానికి రీబూట్‌కు చెందినవే.

లైనక్స్‌లో ఇబ్బంది తిరగబడింది. అక్కడ రీబూట్ అడగకుండానే ప్యాకేజీలు మారిపోతాయి కాబట్టి, ఏళ్ళ తరబడి ఆగని సర్వర్ కూడా తాజాగా కనిపిస్తుంది. డిస్కు మీద కొత్త కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఉంటుంది, మెమరీలో పాతదే నడుస్తుంటుంది; గుప్తీకరణకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ మారినా వెబ్ సర్వర్ పాత ప్రతినే పట్టుకుని ఉంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో నీడ్స్-రీస్టార్టింగ్ ఆదేశం, ఉబుంటులో రీబూట్-రిక్వైర్డ్ ఫైలు ఈ సంగతి చెబుతాయి. వాటి జవాబును కూడా రోజువారీ సేకరణలో చేర్చాం.

ఇక క్లౌడ్‌లో ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరిగి తగ్గే ఏర్పాటు) కింద నడిచే సర్వర్లు. సాయంత్రం వాటికి ప్యాచ్ పెడితే, రాత్రి రద్దీ తగ్గాక వాటిలో కొన్ని మాయమవుతాయి. మర్నాడు ఉదయం సేకరణ వేళకు పుట్టే కొత్తవి పాత ఇమేజ్ (మూల నమూనా) నుంచే పుడతాయి కాబట్టి పాత లోపాలతోనే వస్తాయి. వీటిని నడుస్తుండగా ప్యాచ్ చేయడం మానేసి, నెలకోసారి ఇమేజ్‌నే కొత్తగా తయారుచేసి, పాత సర్వర్ల స్థానంలో కొత్తవాటిని ప్రవేశపెట్టే పద్ధతికి మారాం. కాంట్రాక్టరు మొదట దీన్ని అదనపు పనిగా చూసినా, మూడో నెలకు తానే సమర్థించడం మొదలుపెట్టాడు.

చివరకు నిలబడ్డ పద్ధతి

నెలవారీ నివేదికలోంచి శాతాన్ని పూర్తిగా తీసేశాం. దాని బదులు ఒకే పేజీలో అయిదు అంకెలు వెళ్తాయి: జాబితాలో ఉన్న సర్వర్లు, గత మూడు రోజుల్లో ఏజెంటు పలికిన సర్వర్లు, ఆ నెల ప్యాచ్‌లు పడినవి, వాటిలో రీబూట్ కూడా పూర్తయినవి, అసలు ప్యాచ్‌లే రాని కాలం చెల్లినవి. మొదటి రెండింటి మధ్య తేడా ఉంటే మిగతా మూడింటి గురించి ఆ నెల చర్చే ఉండదు. ముందు ఆ పలకని సర్వర్ ఏదో తేల్చాలి.

పాశ్చరైజర్‌ను నడిపే కంట్రోల్ గదిలోని యంత్రాలను ఈ చక్రంలోకి తేలేదు. వాటికి తమ అనుమతి లేని అప్‌డేట్ పెడితే వారంటీ ఉండదని తయారీదారు షరతు. మేము వాదించలేదు. వాటిని వేరే వీఎల్ఏఎన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టి, ఇంటర్నెట్ దారి మూసి, యూఎస్‌బీ పోర్టులు ఆపి, మినహాయింపు పత్రం మీద ప్లాంటు మేనేజర్ సంతకం తీసుకున్నాం. పత్రం మీద గడువు తేదీ తప్పనిసరి. ఆరు నెలలకు అది చెల్లదు, మళ్ళీ సంతకం కావాలి. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడే ఆయన తయారీదారుకు ఫోన్ చేసి కొత్త వెర్షన్ ఎప్పుడని అడగడం మొదలుపెట్టారు.

2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం లాగులను 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటనలను 6 గంటల్లో తెలపాలి. సిస్టమ్స్ మేనేజర్‌లో ఆదేశాలు పంపే రన్ కమాండ్ చరిత్ర మాత్రం 30 రోజులే నిలుస్తుంది. అందువల్ల ప్రతి ప్యాచ్ ఆదేశం ఫలితాన్నీ ముంబయి రీజియన్‌లోని ఎస్3 అనే నిల్వ బకెట్‌లోకి పంపిస్తున్నాం.

నెలవారీ చక్రం కోసం ఆగకూడని లోపాలకు వేరే దారి ఒకటి రాసుకున్నాం. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (సీఐఎస్‌ఏ) నిర్వహించే, దాడుల్లో వాడుతున్నట్లు తేలిన లోపాల జాబితాలోకి ఎక్కితే, లేదా ఆ సర్వర్ ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉంటే, ఆ మధ్యాహ్నమే పని మొదలవుతుంది. విభాగాధిపతికి సమాచారం ఇస్తే చాలు, అనుమతి అక్కర్లేదు. తీవ్రతకిచ్చే స్కోరును ఒక్కదాన్నే కొలమానంగా పెట్టుకోకపోవడానికి కారణం, పదికి తొమ్మిది దాటిన స్కోర్లు ప్రతి నెలా కనిపిస్తాయి. వాటన్నిటికీ పరుగెత్తితే నిజంగా పరుగెత్తాల్సిన రోజున ఎవరూ కదలరు.

ఆ దారికి మొదటి పరీక్ష ఊహించని చోటి నుంచి వచ్చింది. 2025 అక్టోబరు 23న, దీపావళి వారంలోనే, మైక్రోసాఫ్ట్ క్రమం తప్పించి ఒక ప్యాచ్ విడుదల చేసింది. లోపం డబ్ల్యూఎస్‌యూఎస్‌లోనే ఉంది, దాని నమోదు సంఖ్య సీవీఈ-2025-59287. లాగిన్ లేకుండానే దూరం నుంచి కోడ్ నడపగలిగేంతటిది. 14వ తేదీ ప్యాచ్ దాన్ని పూర్తిగా మూయలేదని తేలడంతో మరొకటి ఇవ్వాల్సి వచ్చింది. మర్నాటికే అది సీసా జాబితాలోకి ఎక్కింది. గిడ్డంగిగా ఉంచుకున్న మా సర్వర్ ఇంటర్నెట్‌కు కనిపించదు, కానీ చిల్లింగ్ సెంటర్లన్నిటికీ కనిపిస్తుంది. ముందు డబ్ల్యూఎస్‌యూఎస్ వాడే 8530, 8531 పోర్టులను ఫైర్‌వాల్‌లో మూసి, ప్యాచ్ పెట్టి, రీబూట్ చేసి, తర్వాతే తెరవాలన్నది ఐటీ విభాగంలోని చిన్న ఉద్యోగి నిర్ణయం. మేము తిరుపతి నుంచి ఫోన్ చేసేసరికి అతను పోర్టులు మూసేశాడు.

ఇతర సంస్థలకు పనికొచ్చే విషయాలు

టూల్ ఎంపిక మీద మేము పెట్టిన సమయం కంటే జాబితా మీద, రీబూట్‌కు ఒప్పుకునే వ్యక్తి ఎవరన్న దాని మీద పెట్టిన సమయం చాలా ఎక్కువ, ఫలితం కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆర్క్ తీసుకున్నా, మరో వాణిజ్య సాధనం తీసుకున్నా దాదాపు ఇదే ఫలితం వచ్చేదని అనుకుంటున్నాను.

మెయింటెనెన్స్ విండోను ఐటీ విభాగం అలవాటు నుంచి తీసుకోవద్దు. తిరుపతి వసతి గృహాల బుకింగ్ సర్వర్లకు, ఆసుపత్రికి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఖాళీ వేళలు వేరువేరుగా ఉంటాయి. గుజ్జు ఫ్యాక్టరీకి సీజన్‌లో ఖాళీ వేళే ఉండదు, కాబట్టి అక్కడ జంట సర్వర్లు పెట్టుకోవడమో, సీజన్‌కు ముందే పని ముగించడమో చేయాలి. లావాదేవీల లాగు తీయండి, డిస్పాచ్ దగ్గర నిలబడే మనిషిని అడగండి.

వెర్షన్ అంకె చూసి తీర్పు ఇచ్చే స్కానర్లతో జాగ్రత్త అవసరం. రెడ్ హ్యాట్, ఉబుంటు వంటివి సవరణను పాత వెర్షన్‌లోకే వెనక్కి తెచ్చి పెడతాయి. 2024 జులైలో, దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో రెగ్రెష్షన్ అనే లోపం బయటపడ్డాక సరిచేసిన ఉబుంటు 22.04 సర్వర్ కూడా తనది 8.9 వెర్షన్ అనే చెప్పుకుంటుంది. కొనుగోలుదారు ఆడిటర్ వాటిని లోపాలుగా రాసినప్పుడు, ప్యాకేజీ పూర్తి వెర్షన్‌నూ ఉబుంటు వారి భద్రతా ప్రకటననూ జతచేసి జవాబిచ్చాం; అంగీకరించారు.

ప్రస్తుత స్థితి

మరిచిపోయిన ఉబుంటు 18.04 సర్వర్‌ను డేటా భద్రపరచి తొలగించారు. 2012 ఆర్2 సర్వర్లలో ఒకటి మినహా అన్నీ మారాయి. ఆ ఒక్కటి బండ్లు తూచే వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్‌ది, దాని సరఫరాదారు కొత్త వెర్షన్ ఇచ్చే దాకా మినహాయింపు పత్రం మీద నడుస్తోంది. సెంటాస్ 7 సర్వర్లు రెండు మిగిలాయి. విండోస్ సర్వర్ 2016కు మద్దతు 2027 జనవరి 12తో ముగుస్తుంది, అవి చిల్లింగ్ సెంటర్లలో ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, వాటి మార్పిడికి బడ్జెట్ ప్రతిపాదన యాజమాన్యం దగ్గర ఉంది. డబ్ల్యూఎస్‌యూఎస్ గిడ్డంగికి ప్రత్యామ్నాయంగా, సెంటర్లలోని సర్వర్లు దింపుకున్న ప్యాచ్ ముక్కలను ఒకదానితో ఒకటి పంచుకునే డెలివరీ ఆప్టిమైజేషన్‌ను ప్రస్తుతం ఒక చిల్లింగ్ సెంటర్‌లో పరీక్షిస్తున్నారు.